జానెడు లోతు

కొన్నేళ్లపాటు నా గొంతు నాకంటే ముందు లేచి పొలాలకు పోయేది. పొద్దున ఆరు గంటలకు కోలారు జిల్లాలో చాలామంది రైతుల ఫోన్లు ఒకేసారి మోగేవి. ఎత్తినవాళ్లకు నా మాట వినిపించేది. "ఈ పొద్దు మీ తోటకి నీళ్లు ఇడవాలప్పా" అనో, "ఈ పొద్దు నీళ్లు ఇడిచే పని లేదప్పా, మన్నులో తేమ ఉండాది" అనో, "రెండు దినాల్లో వాన ఉండాది, స్వల్ప ఆగండి" అనో. రాయల్పాడు మామిడి తోపుల్లో, సుగటూరు టమాటా సాళ్లలో, మంచు ఇంకా విడవకముందే నేను అలా గట్టు గట్టుకీ పలకరిస్తూ తిరుగుతుంటే, ఇక్కడ ఊరిగాంలో పాత లైన్ ఇంట్లో దుప్పటి ముసుగు తన్ని పడుకునేదాన్ని. సగం మెలకువలో ఆ సంగతి గుర్తొచ్చేది. ఇప్పుడు ఎవరో చెవి దగ్గర నన్ను పెట్టుకుని తల ఊపుతున్నారు అనుకుంటే ఒళ్లంతా తేలికైపోయి, మళ్లీ నిద్ర పట్టేసేది.

ఆ మాటలు రికార్డు చేసింది కూడా ఆ ఇంట్లోనే. గని కార్మికులకు కట్టిన లైన్ ఇళ్లకు గోడలు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. పక్కింటి కుక్కర్ కూతపెడితే మనింట్లో స్టవ్ ఆర్పేస్తాం. అందుకని మూల కూర్చుని, తల మీదుగా బొంత కప్పుకుని, ఆ చీకట్లో ఫోనులోకి మాట్లాడాను. వీధిలో కూరగాయలమ్మేవాళ్లు అరవకుండా చూడమని నాయనను గడప దగ్గర కూర్చోబెట్టాను. పాపం, వాళ్లను ఆపడానికి ఆయన వేసిన కేకే మొదటి రికార్డులో పడింది. రెండోసారి నాకు నవ్వు ఆగలేదు. నాలుగోసారికి బొంతలో చెమటలు కారిపోతూ మూడు వాక్యాలూ సరిగ్గా చెప్పగలిగాను. ఆ గొంతులో కొంచెం ఆయాసం ఉంటుంది. రైతులు అది జాలి అనుకున్నారేమో, నా మాటను బాగా నమ్మారు.

నాయన బతుకంతా బంగారు గనిలో పనిచేశాడు. మా తాత ఆంధ్రా పల్లె నుంచి గని పనికి వచ్చినవాడు, నాయన ఆయన వెనకాలే కిందికి దిగినవాడు. గనులు మూతపడ్డాక ఊళ్లో చాలామంది తెల్లవారుజామున బెంగళూరు రైలు పట్టుకుని పనులకు పోసాగారు. నాయన పోలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చుని సైనైడ్ దిబ్బల వైపు చూస్తూ ఉండేవాడు. గనిలో రాయి పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన మట్టి అది, కొండలంత పోగుపడి ఉంటుంది. గాలి లేస్తే ఆ దిబ్బల మీద సన్నటి తెల్లటి పొగలాంటిది కదిలి, ఊరంతా ఎవరికో కలలో కనిపిస్తున్న ఊరిలా మసకబారేది. నాయన ఆ మసకలోకి చూస్తూ ఏమనుకునేవాడో నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నాకు దొరికిన ఉద్యోగం పొలాల్లో చిన్న యంత్రాలు పాతిపెట్టడం. వేలంత పొడవు కడ్డీలు రెండు మట్టిలో ఉంటాయి. వాటి నుంచి ఒక తీగ పైకి వచ్చి, కర్రకు కట్టిన డబ్బాలో కలుస్తుంది. డబ్బా నెత్తిన అరచేతంత సోలార్ పలక. కడ్డీలు మట్టిలో తేమ ఎంతుందో చూస్తాయి, డబ్బా ఆ సంగతిని ఆఫీసు కంప్యూటర్‌కు పంపిస్తుంది, కంప్యూటర్ నా మూడు వాక్యాల్లో ఒకదాన్ని ఎంచుకుని ఆ రైతుకు ఫోన్ చేస్తుంది. వానలు దారి తప్పిన జిల్లాలో, బోర్లు ఎండుతున్న జిల్లాలో, ఉన్న నీటినే చూసి చూసి వాడుకోవడానికి ఇదొక ఆసరా. మేం నమ్మింది అదే, ఇప్పటికీ నేను నమ్మేది అదే.

గుంతలు తవ్వడానికి మనిషి కావాల్సి వచ్చింది. "నేను వస్తాను, పద" అన్నాడు నాయన. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నా స్కూటరు వెనక గడ్డపార అడ్డంగా పట్టుకుని కూర్చునేవాడు. ఆయన తవ్విన గుంతను చూడడానికి రైతులు పనులు ఆపి వచ్చేవాళ్లు. గోడలు గీత గీసినట్టు నిటారుగా దిగేవి, తీసిన మట్టి ఒక్క రవ్వ లోపలికి జారేది కాదు. జానెడు లోతు చాలు నాయనా అని నా చెయ్యి చాచి చూపించాను. టమాటా నారు వేళ్లు మొదట్లో ఆడేది అక్కడే కదా. సరేనన్నట్టు తల ఊపాడు.

సుగటూరులో ఆమెను ఊరంతా అక్కా అనేవాళ్లు. వయసుకు నాకు అమ్మమ్మ అవుతుంది, అయినా నేనూ అక్కా అనే అన్నాను. భర్త పోయాక సేద్యమంతా ఒంటి చేతి మీద నడిపిస్తోంది. ఊళ్లో ఆమెకు ఇంకో పెద్దరికం ఉండేది. విత్తే ముందు పదును చూసేది ఆమే. మట్టిలో తడి విత్తనానికి సరిపోయేంత, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా ఉందా లేదా అని చూడడమే పదును చూడడం. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో ఎవరో ఒకరు వచ్చి ఆమెను పిలుచుకుపోయేవారు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా సాలులోకి దించి, గుప్పెడు మన్ను తీసి, పిసికి, నడుం ఎత్తు నుంచి కింద పడేసేది. ముద్ద ముద్దగానే ఉంటే ఇంకో రోజు ఆగాలి. పొడి పొడిగా రాలితే ఆలస్యమైపోయినట్టు. నాలుగైదు పెళ్లలుగా విడిపోతే విత్తడానికి గొర్రు కట్టవచ్చు. పదును చూసే పొద్దున ఆమె చేతికి సబ్బు తగలనిచ్చేది కాదు, కారం ముట్టేది కాదు. ఆమె సరే అననిదే ఎవరూ ఎడ్లను మడిలోకి దించేవాళ్లు కాదు.

అయితే వానలే ఆమె మాట వినడం మానేశాయి. మృగశిరలో రావాల్సింది ముందే వచ్చి ఊరించి పోయేది, లేకపోతే ఆరుద్ర దాటాక వచ్చి కొట్టుకుపోయేది. వరసగా రెండేళ్లు ఆమె చెప్పిన పదునులోనే రాగులు విత్తారు, మొలక కూడా బాగానే లేచింది, ఆ తర్వాత చుక్క పడలేదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదట. "అనకపోతే ఏమమ్మా, నాకు తెలవదా" అంది నాతో, నవ్వుతూనే. యంత్రాల సంగతి ఊళ్లో చెప్పినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆమే. ఆమె బోరు అరగంట పోసి, దగ్గి, గాలి ఊదేది. అప్పుడే అరెకరంలో కొత్తగా టమాటా నారు నాటింది. ఆ కాస్త నీళ్లు ఏ రోజు ఇడవాలో ఏ రోజు ఆపాలో సరిగ్గా తెలిస్తేనే ఆ తోట నిలుస్తుంది.

యంత్రం పాతిన రోజు ఎండ మెత్తగా ఉంది. ఆమె నన్ను గట్టు మీద కూర్చోబెట్టి కొత్తిమీర, పచ్చిమిరపకాయ దంచి వేసిన మజ్జిగ ఇచ్చింది. నాయన పదడుగుల దూరంలో మాకు వీపు పెట్టి తవ్వుకుంటున్నాడు. నేను టాబ్లెట్‌లో గడులు నింపుతూ, ఆమె పదును ముచ్చట్లు వింటూ, ఎక్కడో తేలిపోతున్నాను. కడ్డీలు లోపల దించి, మన్ను పూడ్చి, "అయిపోయిందమ్మా" అన్నాడు నాయన. లోతు అన్న గడిలో జానెడు అని రాసేశాను. పైన మిగిలిన తీగ పొట్టిగా ఉన్నట్టు కంటికి ఆనింది కూడా. మజ్జిగ రెండో లోటా పోస్తోంది ఆమె. లేవబుద్ధి కాలేదు.

తర్వాత కొన్ని వారాలు నాకు చాలా హాయిగా గడిచాయి. ఆఫీసు తెర మీద ఒక్కో పొలానికీ ఒక్కో గీత. అన్ని గీతలూ పరుగెత్తినవాళ్ల రొమ్ముల్లా ఎగసిపడుతుంటే, సుగటూరు అక్క గీత ఒక్కటే నీలంగా, నిదానంగా సాగిపోతూ ఉండేది. దాన్ని చూస్తుంటే నాకు ఊయలలో పడుకున్నట్టుండేది. చూడండి, నీళ్లు ఎంత పొదుపుగా వాడుతోందో అని ఆఫీసులో గొప్పలు కూడా పోయాను. పొద్దున్నే నా గొంతు ఆమెకు ఒకే మాట చెప్పేది, నీళ్లు ఇడిచే పని లేదు, తేమ ఉండాది అని. నేను మళ్లీ అటు తిరిగి పడుకునేదాన్ని.

ఒక రోజు రాయల్పాడు నుంచి వస్తూ, ఊరికే ఒకసారి పలకరించి పోదామని సుగటూరు వైపు తిరిగాను. తోట దగ్గర స్కూటరు ఆపాను. నారు ఎదగలేదు. ఆకులు లోపలికి ముడుచుకుని, కింది వరస పసుపు తిరిగి, చాలా మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. ఆమె గట్టు మీద చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది.

"నీళ్లు ఇడవలేదా అక్కా" అన్నాను.

"నువ్వు వద్దంటివి గదమ్మా. దినామూ వద్దనే చెప్తివి" అంది. నిష్ఠూరం లేదు. నిజంగానే నా నుంచి జవాబు కోసం చూస్తోంది.

ముందు బోరు వేయించాను. అది పోసినంత సేపు పోసి దగ్గింది. తర్వాత కర్ర పక్కనే కూర్చుని తవ్వాను. జానెడులో కడ్డీలు లేవు. మూరెడులోనూ లేవు, తీగ ఇంకా కిందికే పోతోంది. బోర్లా పడుకుని చెయ్యంతా లోపలికి పెడితే, రెండు మూరల అడుగున తగిలాయి. అక్కడ మన్ను చల్లగా, నల్లగా, వేళ్లకు అంటుకుంటోంది. యంత్రం అబద్ధమేమీ చెప్పలేదు. తానున్న చోట ఉన్న నిజం చెప్పింది. ఆ నిజం అందుకునేంత వేళ్లు ఆ పసి మొక్కలకు ఇంకా లేవు.

నాకు అంతా అర్థమైంది, అర్థమైనా నోరు ఇంకోటి పలికింది. "యంత్రంలో ఏదో తేడా వచ్చిందక్కా, సరిచేయిస్తాను" అన్నాను.

"కానీలేమ్మా, దానికీ బాగలేకుండా అవుతాది గదా" అంది ఆమె.

ఇంతలో పక్క పొలం రైతు గట్టు దాటి వచ్చాడు. "అక్కా, నారుమడి తడిపి రెండు దినాలాయ. స్వల్ప వచ్చి పదును చూసిపో" అన్నాడు. ఆమె కొంగులో ఉన్న చెయ్యి ఇంకా లోపలికి లాక్కుంది. "నన్ను యాడ అడిగేదప్పా ఇంగ. ఫోను ఉండాది గదా, దాన్ని అడుగు" అంది. అతను తిరిగి గట్టు దాటి వెళ్లిపోయాడు. ఆమె అలసిపోయిందేమో అనుకున్నాను. నా తప్పును ఎలా దాచుకోవాలా అన్న ఆలోచనలో ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల చేతులు కనపడవు.

ఊరిగాం చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన అరుగు మీద ఉన్నాడు. స్కూటరు స్టాండ్ కూడా సరిగ్గా వెయ్యకుండా మీద పడ్డాను. నా కోపం సంగతి మా వీధికి తెలుసు, తలుపులు వేసుకున్నవాళ్లు కూడా తీసి చూస్తారు.

"జానెడంటే ఎంత నాయనా? నీ చేతికి జాన లేదా?"

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "జానెడులో ఏముంటాదమ్మా. ఎండ కాస్తే ఒక మాట, మంచు కురిస్తే ఒక మాట. పైన ఉండేది నిలకడ లేని మన్ను. నిజం కావాలంటే కిందికి పోవాల. నువ్వు నిజమే గదా కావాలన్నావు."

"ఇది గని కాదు. టమాటా."

బతుకంతా కిందికి పోతేనే విలువైనది దొరుకుతుందని నేర్చుకున్న మనిషి, కూతురికి మంచిది ఇవ్వాలని ఇంకాస్త కిందికి పోయాడు. ఆ సంగతి నాకు అప్పుడే, అరుస్తూ ఉండగానే అర్థమైంది. అయినా అరవడం ఆపలేదు. నాకు అది ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"చెట్లు పోయినాయా?" అన్నాడు చివరికి.

"సగం పోతాయి."

"ఆయమ్మకి ఏం చెప్పినావు?"

"యంత్రం చెడిపోయిందని చెప్పినాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "చెడిపోలేదు గదా. కింద కొలత తప్పితే, తప్పినోడే పైకొచ్చి చెప్పాలమ్మా. లేకుంటే రెండో షిఫ్టోళ్లు దిగేది ఆ తప్పులోకే." నువ్వు చూడకుండా ఎందుకు రాశావని ఒక్క మాట అడిగి ఉంటే నా పని అయిపోయేది. అడగలేదు. నాకే ఆ పొట్టి తీగ కళ్ల ముందు ఆడుతూ ఉంది.

ఇదంతా తర్వాత ఎలా సర్దుకుందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నా మనసులో నిలిచిపోయింది అది కాదు. ఆ తోటలో రెండు యంత్రాలు పెట్టాం, ఒకటి జానెడులో, ఒకటి నాయన తవ్విన లోతులోనే. పైనిది టమాటాకు, కిందిది గట్టు మీద లోతుగా వేళ్లు దిగిన మామిడి చెట్లకు. మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి పరిపించాం. తేరుకున్న సగం తోట కొంచెం ఆలస్యంగానే అయినా కాపుకు వచ్చింది. ఆఫీసులో పోట్లాడి ప్రతి పొలం లెక్కలోనూ ఇంకో గడి పెట్టించాను, ఆ రోజు రైతు చేతికి మన్ను ఎలా తగిలిందో రాయడానికి. నా మూడు వాక్యాలకు ముందు నాలుగోది చేరింది, మీరు చెయ్యి పెట్టి చూసినారా అప్పా అని. అది కూడా బొంత కప్పుకునే చెప్పాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

నేను నాయన మీద అరిచిన మర్నాడు పొద్దున్నే ఆయన తయారుగా ఉన్నాడు. ఉతికిన చొక్కా, పైన గుండీ కూడా పెట్టుకున్నాడు. దారి పొడవునా మంచు. చెట్లు దగ్గరికి వచ్చేదాకా చెట్లలా లేవు. ఆ తెల్లదనంలో పోతుంటే మేమిద్దరం నేల మీద ఉన్నామా లోపల ఎక్కడో ఉన్నామా తెలియలేదు. సుగటూరు ఎప్పటికీ రాకపోతే బాగుండుననిపించింది. వచ్చింది.

ఆమె గట్టు మీదే ఉంది. నాయన చెప్పులు విడిచి మడి అంచున నిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. జానెడు తవ్వమంటే రెండు మూరలు తవ్వినాను. కింద తడి ఉండింది, అది ఆ తడినే చెప్పింది. నీ చెట్లు ఎండింది నా వల్ల" అన్నాడు.

"నేను చూడకుండానే చూసినట్టు రాసినాను అక్కా. నిన్న నీతో చెప్పింది కూడా అబద్ధం" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

తిడుతుందేమో అని నేను కాచుకుని ఉన్నాను, తిట్టించుకోవాలనే ఉంది నాకు.

"అట్లయితే పైన మన్ను ఎండే ఉండిందా?" అంది.

"ఎండే ఉండిందక్కా."

"మొదటి నుంచీనా?"

"మొదటి నుంచీ."

కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, వెనకా ముందూ తిప్పి చూసుకుంది. "దినామూ చెయ్యి పెట్టి చూస్తా ఉంటిని. ఎండినట్టే తగిలేది. నువ్వేమో పొద్దున్నే తేమ ఉండాదంటావు. చదువుకున్న బిడ్డ చెప్తా ఉండాది, నా చెయ్యికే ముసలితనం వచ్చిందేమో, ఏమీ తెలవకుండా పోయిందేమో అనుకొంటిని. ఎవురికీ చెప్పలేదు. పదును చూడమని ఎవురన్నా వస్తే భయమయ్యేది." ఆగి, మళ్లీ చేతిని చూసుకుంది. "అట్లయితే నా చెయ్యి బాగానే ఉండాది."

ఆ మాట అంటూ ఆమె నవ్వింది. సగం తోట పోయిన మనిషి, పోయిన వస్తువు దొరికినట్టు నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఆమె నుంచి తీసుకున్నది ఆ అరెకరం టమాటాలో సగం అనే ఇంతసేపూ లెక్కపెట్టుకున్నాను.

ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. "ఉండన్నా, ఉండమ్మా, వస్తాను. నిన్న పిలిచిన ఆయప్ప నారుమడి ఇంగ ఆరిపోతాది" అంటూ గట్టు దిగింది. వాడిపోయిన టమాటా సాళ్ల మధ్యగా, ఒక్క మొక్క వైపు కూడా చూడకుండా, బిరబిరా పక్క మడికి నడిచిపోయింది. నాయనా నేనూ ఆ అంచునే నిలబడి, ఆమె వంగి మన్నులో చెయ్యి దించడం చూశాం.